అతికించిన అడుగులు

నేను నడిచినంత దూరం మా వీధిలో ఇంకెవరూ నడిచి ఉండరు. కావాలంటే పందెం కాస్తాను. అదంతా ఒక్క గదిలోనే నడిచానంటే మాత్రం జనం నవ్వుతారు. నవ్వనివ్వండి. సినిమాలో కథానాయిక అలిగి మేడమెట్లు దిగిపోతుంటే వినిపించే ఆ టకటక ఆవిడది కాదు, నాది. రాణులకి నడిచాను, దొంగలకి నడిచాను, దొంగల్ని తరిమే పోలీసులకీ నడిచాను. ఒక సినిమాలో ఊరేగింపు మొత్తానికి నేనొక్కదాన్నే నడిచాను. దెయ్యాల సినిమా వస్తే నాకు సగం సెలవు. వాటికి కాళ్ళ చప్పుడు ఉండదు కదా.

మమ్మల్ని ఎఫెక్ట్స్ వాళ్ళు అంటారు. స్టూడియోలో కిటికీ లేని గది ఒకటి మాది. నేలంతా గళ్ళు గళ్ళుగా చెక్క, బండ, ఇసుక, కంకర, ఎండుటాకులు. ఒక మూల బస్తాడు చెప్పులు, బూట్లు. ఎదురుగా తెర. తెర మీద మనిషి నడుస్తుంటే, ఆ మనిషిని చూస్తూ నేను ఉన్నచోటే నడుస్తాను. గాజు అద్దం అవతల మా ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని రికార్డు చేస్తుంటారు. పట్టపగలు కూడా లోపల చీకటే. మంచు మీద నడవాలంటే మొక్కజొన్న పిండి కూరిన గుడ్డసంచీని తొక్కుతాను. కాసేపటికి నిజంగానే పాదాలు చల్లబడతాయి. అలా తొక్కి తొక్కి బయటికొచ్చి, ఎండ చూసి, ఇదేమిటి మంచంతా ఏమైపోయిందని నిలబడిపోయిన రోజులున్నాయి.

మా గదిలో ఒక కట్టుబాటు ఉంది. నడిచిన అడుగుని నేను వెనక్కి వినను. నాకు పని నేర్పిన పెద్దావిడ పెట్టిన నియమం అది. ‘వింటే రేపట్నుంచి కాలు నడవదే పిల్లా, చెవి నడుస్తుంది’ అనేది. అందుకని వినడం, దిద్దడం, బొమ్మకి సరిగ్గా అతికించడం అన్నీ మా ఆయన పనే. పెళ్ళికి ముందు నుంచీ అంతే. నా అడుగులు ఎవరికి అప్పజెప్పానో ఆయన్నే కట్టుకున్నాను.

కుడికాలు ఎప్పుడు మొరాయించడం మొదలుపెట్టిందో చెప్పలేను. కంకర మీద ఎత్తి వెయ్యాల్సిన అడుగు ఈడుస్తూ పడింది. చెప్పుని తిట్టి చెప్పు మార్చాను. తర్వాత కంకరని తిట్టి కంకర మార్పించాను. ఇంక తిట్టడానికి నేనే మిగిలాను. ఆ తర్వాత కుడిచెయ్యి. టీ కప్పు పట్టుకుంటే సాసరు గలగలలాడేది. వినడానికి బాగుందే అనుకుని, ఎక్కడైనా పనికొస్తుందేమోనని ఆలోచించాను. అదీ నా బుద్ధి!

మా వదిన, అంటే మా ఆయన అక్క, మాతోనే ఉంటుంది. టెలిఫోను ఆఫీసులో పనిచేసి రిటైరైంది. ఊరందరి మాటలూ విన్న మనిషి కాబట్టి మాకు మాట్లాడే వంతు రాదు. ఆవిడే ముందు కనిపెట్టింది.

“ఏమ్మాయ్, మొహం అలా బిగదీసుకున్నావేంటి? నేనేమన్నా అన్నానా?”

“మీరు అనని రోజేది వదినా?”

“వేళాకోళం కాదే. నువ్వు నవ్వుతున్నావో లేదో తెలియట్లేదు నాకు.”

నేను నవ్వుతూనే ఉన్నాను. అద్దంలో చూసుకుంటే నా మొహం ఇంకెవరి మాటో వింటున్నట్టుంది. అప్పుడు భయం వేసింది.

మా వీధి డాక్టరు రాస్తే తలకి మామూలు స్కాను తీయించాం. అంతా నార్మల్ అన్నారు. వదిన సంబరపడిపోయింది. “మెదడు ఉందని తేలింది, అదే పదివేలు!” అంది. కానీ కాలు మాత్రం నార్మల్ అన్న మాట విన్నట్టు లేదు. చివరికి నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. నా కూతురంత వయసు ఆ పిల్లకి. వేళ్ళు ఆడించమంది, వరండాలో నడిచి రమ్మంది, వెనక్కి తిరగమంది. నేను తిరగడానికి చిన్న చిన్న అడుగులు ఎన్నో పడ్డాయి. ఆమె రాసుకోలేదు, ఊరికే చూస్తూ ఉంది. తర్వాత ఏ మందులు వాడతారని అడిగింది.

“మందులేం లేవమ్మా. తల తిరుగుడికి ఒక మాత్ర, అంతే.”

“ఎన్నాళ్ళ నుంచి?”

చీకటి గదిలో తెర చూస్తూ నడిచి నడిచి ఒకప్పుడు నాకు తల తిరిగేది. ఎవరో డాక్టరు ఒక వారానికని రాశాడు. తగ్గింది కదా అని ఏళ్ళ తరబడి మింగుతూ వచ్చాను. మందుల షాపువాడు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ మాత్ర పేరు వినగానే డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“చూడండమ్మా, ఈ మాత్ర ఎక్కువ కాలం వాడితే కొందరికి ఇలాగే అవుతుంది. చెయ్యి వణుకుతుంది, కాలు ఈడుస్తుంది, మొహం బిగుసుకుంటుంది. అదే అయితే, మాత్ర మానేస్తే నెమ్మదిగా తగ్గుతుంది. కానీ ఇది నిజంగా పార్కిన్సన్స్ జబ్బు కూడా కావచ్చు. అది పోయేది కాదు, మందులతో నెట్టుకు రావాలి. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి మీకు.”

“మరి మొన్న తీసిన స్కాను?”

“అది మెదడు ఎలా ఉందో చూపిస్తుంది. నాకు కావాల్సింది, కాళ్ళనీ చేతుల్నీ కదిలించే ఆ కొద్ది నరాలు బతికున్నాయో లేదో. దానికి వేరే స్కాను ఉంది. చాలామందికి అది అక్కర్లేకుండా చూసే చెప్పేస్తాను. మీ దగ్గరే చెప్పలేకపోతున్నాను.”

“అయితే తీసేయండి!” అన్నాను, అదేదో పన్ను పీకడం అయినట్టు.

ఆమె నవ్వింది, జాలిగా. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆ స్కాను తీసే కెమెరా ఒక్కటేనట. నరంలోకి ఎక్కించే, కిరణాలు చిమ్మే మందు ఎక్కడో తయారై, సీసం డబ్బాలో కూర్చుని విమానంలో వస్తుందట. వస్తూ వస్తూనే మంచుగడ్డలా కరిగిపోతూ ఉంటుంది కాబట్టి దాచుకోవడానికి లేదు. వచ్చిన రోజునే, వచ్చినంతలోనే, కొద్దిమందికే. వరసలో ఉన్నవాళ్ళకి ఏడాది పైన పడుతోంది. ఈ మధ్యే మొదలై, త్వరత్వరగా పెరుగుతున్నవాళ్ళని ఒక కమిటీ ముందుకి జరుపుతుంది. మాత్ర ఈరోజే మానేయండి, కానీ మానేసి చూస్తూ కూర్చున్నా తేలడానికి ఇంచుమించు అంతే పట్టొచ్చు అంది.

నాకు కావలసింది ఒక్క మాట. నా కాలు నాకు తిరిగొస్తుందా, రాదా? ఆ మాట ఎక్కడో ఒక డబ్బాలో కరిగిపోతూ ప్రయాణం చేస్తోందంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

“పెరుగుతోందని కమిటీకి చూపించడానికి, మీరు నడుస్తున్న పాత వీడియో ఏదైనా ఉందా? ప్రయాణాల్లో తీసింది, ఏదైనా. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.”

నన్నెవరు వీడియో తీస్తారు? తెర ముందు చీకట్లో బతికినదాన్ని. అప్పుడు చటుక్కున తట్టింది. “వీడియో లేదు గానీ నా అడుగులున్నాయమ్మా! అన్నేళ్ళవీ. ఏ రోజు ఏది నడిచానో అంతా ఈయన దగ్గర ఉంది.”

పక్కన మా ఆయన దగ్గారు. ఆ దగ్గుకి అర్థం ఉంటుందని నాకేం తెలుసు?

ఆ అడుగులు డిస్కులో ఎక్కించి ఇవ్వండి మహాప్రభో అంటే రేపు అన్నారు. మర్నాడు కంప్యూటరు మొరాయిస్తోందన్నారు. “నా రోగం దానికీ అంటుకుందా ఏంటి?” అన్నాను. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వలేదు. చివరికి నేను పోరగా పోరగా తెచ్చి చేతిలో పెట్టారు. మింగలేక కక్కలేక అవస్థపడుతున్న మనిషిని చూసి, పాపం నా జబ్బు గురించే బెంగ అనుకున్నాను.

డాక్టరమ్మ గదిలో కంప్యూటరుకి చిన్న స్పీకర్లున్నాయి. ముందు ఎప్పటిదో పాత సినిమా, బండ మీద నడక. ఆ తర్వాత మొన్న మొన్నటిది, అదీ బండ మీదే. నా అడుగులు నేను వినడం అదే మొదటిసారి. గురువుగారి నియమం తప్పినందుకు మనసులోనే ఆవిడకి దణ్ణం పెట్టుకున్నాను. డాక్టరమ్మ కళ్ళు మూసుకుని వింది.

“రెండూ ఒకేలా ఉన్నాయే,” అంది.

అవును, ఒకేలా ఉన్నాయి. ఈడ్పు లేదు. తడబాటు లేదు. టక్, టక్, టక్, నీళ్ళబొట్టు పడ్డంత పొందిగ్గా పడుతున్నాయి. నాకు ఒక్కసారి ఒళ్ళంతా తేలికైపోయింది. కుర్చీలో కూర్చునే గాల్లోకి లేచినట్టయింది. అంటే నాకేం కాలేదన్నమాట! కాలు ఈడుస్తోందని నేనే ఊహించుకున్నానన్నమాట! ఈ గదిలోంచి లేచి, మెట్లు దిగి, వీధి చివరిదాకా పరిగెత్తి, వదినకి చెప్పాలి. నా ఆలోచన అప్పటికే మెట్లు దిగుతోంది. అంతలో వినిపించింది. ప్రతి ఎడమ అడుగు వెనకా సన్నగా, పిల్లి మూలిగినట్టు, కీచుమని ఒక తోలుపట్టీ.

“ఆపండి,” అన్నాను.

ఆ చప్పుడు నాకు తెలుసు. గోధుమరంగు చెప్పుల్లో ఎడమది. దాని పట్టీ తెగిపోతే నా చేతులతో నేనే చెత్తబుట్టలో పారేశాను. అప్పటికి నా కాలికి ఏ జబ్బూ లేదు.

“ఏమండీ,” అన్నాను, ఆయన వైపు తిరిగి. “ఈ చెప్పు చచ్చి ఎన్నాళ్ళైంది? మొన్నటి సినిమాలోకి ఎలా వచ్చింది?”

ఆయన తల వంచుకుని బూటు లేసుల్ని చూస్తూ ఉండిపోయారు. డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ లేసులకి చెబుతున్నట్టే మొదలుపెట్టారు.

“మొదట్లో ఒక్కటే మార్చాను. రీలంతటికీ ఒక్క అడుగు. ఈడ్చినట్టుంటే తీసేసి, నీ పాత అడుగే తెచ్చి అతికించాను. తర్వాత రెండు. తర్వాత...”

“ఎందుకు?”

“డైరెక్టరు వింటే నిన్ను మార్చేస్తాడని. ఇప్పుడు అడుగులు కూడా కంప్యూటర్లో రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి కదా.” లేసు ఒకటి విప్పి మళ్ళీ ముడేశారు. “అదొకటి. ఇంకోటేంటంటే, నాకే వినబుద్ధి కాలేదు.”

“నిజం అడుగులేవి?”

“చెరిపేశాను.”

ఏ ఆర్టిస్టు తుమ్మినా దగ్గినా చెరపకుండా దాచే మనిషి! గది బయట గాలి చప్పుడు, ఎవరింట్లోంచో వినబడిన కుక్కర్ విజిల్ కూడా భద్రంగా దాచిన మనిషి నా అడుగుల్ని చెరిపేశారు. నాకు ఏడుపు కూడా రాలేదు. డాక్టరమ్మ మెల్లగా అంది, “ఇది తీసుకెళ్తే కమిటీ, ఈవిడ చక్కగా నడుస్తోంది కదా అంటుందమ్మా. ఇవాళ కొత్తగా నడిపించి తీసినా, మధ్యలో ఎప్పుడు మొదలై ఎంత త్వరగా పెరిగిందో చూపించలేం.” నన్ను మామూలు వరసలో వేసింది. అంతకంటే ఏం చెయ్యగలదు?

ఇంటికొచ్చాక వదిన తమ్ముణ్ణి ఉతికి ఆరేసింది. “గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చావు కదరా! పెళ్ళాం కుంటుతుంటే కుంటుతోందని చెప్పడానికి నోరు రాలేదా?” నాకు కొంచెం చల్లగానే ఉంది, దాచుకోవడమెందుకు. నేను మాత్రం ఆయనతో మాట్లాడటం మానేశాను. ఏం చెప్పాలన్నా వదిన ద్వారానే. “వదినా, మీ తమ్ముడికి కాఫీ పెట్టాను.” “వదినా, మీ తమ్ముణ్ణి ఆ ఫ్యాను ఆపమనండి.” వదిన రెండు రోజులు ఓపిక పట్టి, “నేను రిటైరయ్యానే తల్లీ, ఇంక లైన్లు కలపలేను,” అని విసుక్కుంది.

ఆ రోజుల్లో పగటిపూట కూడా నిద్ర ముంచుకొచ్చేది. నిద్రలో ఎవరో నా అడుగులతో మా ఇంటి ముందు నుంచి వెళ్ళిపోతుండేవాళ్ళు. తలుపు తీసేసరికి వీధి ఖాళీగా ఉండేది. చప్పుడు మాత్రం మలుపు తిరిగి, దూరమై, పలచబడి, ఎక్కడో ఇసుకలోకి దిగిపోయేది. ఎవరిదో తెలుసు. పాత నేను. పిలిస్తే ఆగదని కూడా తెలుసు.

ఒక మధ్యాహ్నం ఏం తోచక స్టూడియోకి వెళ్ళాను. మా ఆయన గాజుగదిలో ఏదో పని చూస్తున్నారు. వెనక నిలబడ్డాను. కంప్యూటరు మీద నా నడక పొడుగ్గా పరిచి ఉంది, అడుగుకో చిన్న గుట్టలా. ఆ గుట్టల మధ్య సన్నని ఎర్ర గీతలు.

“ఈ గీతలేంటి?” అన్నాను. అన్నాకే గుర్తొచ్చింది, నేను మాట్లాడటం లేదని.

“అతుకులు,” అన్నారు. “పాత అడుగు వేసిన చోటల్లా రెండు పక్కలా పడతాయి. డైరెక్టరు ఏదైనా మార్చమంటే కావాలి కదా, వాటిని ఎవరూ తియ్యరు.”

“ముందు సినిమా చూపించండి. దాని ముందుది. ఇంకా ముందుది.”

ఆయన ఒక్కొక్కటే తెరిచారు. ఏడాదిన్నర కిందటి దాంట్లో ఎక్కడో ఒక్క జత గీతలు, తెల్లచొక్కా మీద పేను పాకినట్టు. తర్వాత దాంట్లో అక్కడక్కడా. ఆ తర్వాత దాంట్లో ఒక అడుగు నాదైతే ఒకటి అతుకు. మొన్నటి దాంట్లో అన్నీ ఎర్రగానే ఉన్నాయి. నా సొంత అడుగు ఒక్కటి కూడా లేదు.

నేను అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. నా కాలు ఎంత మెల్లగా నన్ను వదిలి వెళ్ళిందో నాకే తెలియదు. ఆయనకి తెలుసు. వెళ్ళిన ప్రతి అడుగు దగ్గరా ఒంటరిగా కూర్చుని, దాని చోట పాతది వెతికి పెట్టారు. కోపం ఎక్కడికీ పోలేదు. కానీ కోపం పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుంది. అది కూడా చెప్పాలి కదా: ఆ మనిషి మీద నాకు చెప్పలేనంత ప్రేమ కలిగింది.

“లేవండి,” అన్నాను. “ఇది పట్టుకుని పదండి డాక్టరమ్మ దగ్గరికి. ఇంతకంటే వీడియో ఏం కావాలి?”

డాక్టరమ్మ ఆ ఎర్ర గీతల్ని చాలాసేపు చూసింది. ఏ నెలలో ఎన్ని అతుకులో మా ఆయన వేలు పెట్టి చూపించారు. “ఎవరెవరో ఏవేవో తెచ్చారు గానీ, ఇలాంటిది నేను చూడలేదండీ,” అని ఆమె అవన్నీ కమిటీకి పంపింది. కమిటీలో ఎవరో పుణ్యాత్ములు అర్థం చేసుకున్నారు. ఎండలు ముదరకముందే నాకు పిలుపొచ్చింది.

స్కాను గది ఆసుపత్రి కింది అంతస్తులో ఉంది. గోడలకి లేత నీలం రంగు, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. విమానం ఇంకా దిగలేదన్నారు. నా పక్కన ఒక బస్సు డ్రైవరు కూర్చున్నాడు, ఎక్కడో దూరం నుంచి వచ్చాడట. అతని బొటనవేలు ఒక్కటే, కనబడని పూసలు లెక్కపెడుతున్నట్టు కదులుతోంది.

“ఇది మూడోసారమ్మా నేను రావడం,” అన్నాడు. “మొదటిసారి విమానం రాలేదు. రెండోసారి విమానం వచ్చింది, మిషన్ చెడిపోయింది. ఈసారి రెండూ బాగున్నాయంటే నాకే ఏదో అవుతుందని మా ఆవిడ భయం.”

“బస్సు నడుపుతున్నారా ఇంకా?”

“ఇదేదో తేలేదాకా ఎక్కనివ్వరు. తేలాక ఎక్కనిస్తారో లేదో తెలీదు. మధ్యలో వేలాడుతున్నాను, ఫుట్‌బోర్డు మీద.”

ఇద్దరం నవ్వాం. మా ఇద్దరి మొహాలూ చూసినవాళ్ళకి నవ్వుతున్నామని తెలిసి ఉండదు. ఇంతమంది మనుషులు, ఒక విమానం, ఒక కెమెరా. మా మెదళ్ళు ఏమన్నా అంత బరువా, ఇంకో కెమెరా పెడితే నేల కుంగిపోతుందా అని అక్కడి టెక్నీషియన్‌ని అడిగేశాను. “నన్నడిగితే నాలుగు పెట్టమంటానమ్మా,” అన్నాడు ఆ అబ్బాయి, పాపం.

మందు వచ్చింది. ముందు గొంతులోని గ్రంథికి రక్షణ అని ఏదో తాగించారు, కాసేపాగి సూది వేశారు. అది మెదడుకి చేరి కుదురుకోవడానికి గంటలు పడుతుందని కూర్చోబెట్టారు. మా ఆయన పక్క కుర్చీలో నీళ్ళ సీసా పట్టుకుని ఉన్నారు. కరిగిపోతూ వచ్చినది ఇప్పుడు నాలో కరుగుతోంది. లోపల ఎవరో చిన్న దీపం పట్టుకుని గది గదీ వెతుకుతున్నట్టుంది. ఉన్నారా అమ్మా, ఎవరైనా ఉన్నారా?

తర్వాత బల్ల మీద పడుకోబెట్టి, తల కదలకుండా మెత్తటి పట్టీ వేశారు. రెండు పెద్ద పలకలు నా మొహానికి దగ్గరగా వచ్చి, చాలా నెమ్మదిగా తిరగసాగాయి. చప్పుడు దాదాపు లేదు. నూనె పోసిన తలుపు తెరుచుకుంటూ, తెరుచుకుంటూ ఉన్నట్టు. కళ్ళు మూసుకున్నాను. చెక్క మీద నడుస్తున్నాను. చెక్క అయిపోయి ఇసుక వచ్చింది, ఇసుక చివర ఎండుటాకులు, ఆకుల చివర మంచు. నేను నడిచిన సినిమాలన్నిటి నేలలూ ఒకదానికొకటి కలిసిపోయి, ఎక్కడా తలుపు లేకుండా సాగుతున్నాయి. రాణి గారి మెట్లు ఎక్కితే దొంగ దూకిన గోడ వచ్చింది. కాలు తేలిగ్గా ఉంది. వెనకాల ఇంకెవరివో అడుగులు వినబడుతున్నాయి. ఎప్పుడూ నడవని మనిషివి, అలవాటు లేనట్టు, ఒకటి గట్టిగా ఒకటి మెల్లగా. గాజుగదిలోంచి బయటికొచ్చారా మీరు అని అడగబోయాను. “అయిపోయిందమ్మా, లేవచ్చు,” అన్నాడు టెక్నీషియన్.

తర్వాతి వారం డాక్టరమ్మ తన కంప్యూటరు మా వైపు తిప్పింది. ముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ బొమ్మ చూపించింది. చీకట్లో రెండు జీడిపప్పులు పక్కపక్కన వెలుగుతున్నాయి. “ఇది మీది,” అంది. ఒక పక్కది సగం కొరికేసినట్టుంది. నా కుడికాలినీ కుడిచేతినీ ఆడించే ఎడమ మెదడులోదైతే ఒట్టి చుక్క, ఆరిపోబోయే నిప్పురవ్వంత. ఆమె ఏమీ చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

“అయితే తప్పు మాత్రది కాదన్నమాట,” అన్నాను.

“మాత్రదే అయితే ఇవి వెలుగుతూ ఉండేవమ్మా. మీ నడకా, ఈ బొమ్మా కలిపి చూస్తే పార్కిన్సన్సే.”

“కాలు తిరిగి రాదు.”

“మునుపటిలా రాదు. కానీ మందులు ఈరోజే మొదలుపెడదాం. బాగా పనిచేస్తాయి. చాలా ఏళ్ళు మీ పని మీరు చేసుకుంటారు.”

నేను ఏడ్చాను. అక్కడే, ఆ పిల్ల ముందే, సిగ్గు లేకుండా భోరున ఏడ్చాను. మొహం బిగుసుకుపోయినా ఏడుపుకి అడ్డం లేదని అప్పుడు తెలిసింది. మా ఆయన నా కుడిచెయ్యి పట్టుకున్నారు. వణుకుని ఆపాలని అదిమి పట్టుకోలేదు, ఊరికే పట్టుకున్నారు. ఇంటికొచ్చాక వదిన ఒక్క వేళాకోళమూ ఆడలేదు. నా పక్క దులిపి, దుప్పటి పరిచి, “పడుకో అమ్మాయ్, వంట నేను చూస్తాలే,” అంది. తెలియకపోవడం అనే బరువు దిగిపోయింది. తెలిసిన బరువు ఎక్కింది. రెండోది మొయ్యొచ్చు, ఎందుకంటే దానికి పట్టుకునేచోటు ఉంటుంది.

మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకి కాలు కొంచెం మాట వినసాగింది. అప్పుడే ఒక సినిమా వచ్చింది. అందులో ఒక ముసలి టీచరు, బడి మూసేస్తుంటే, ఖాళీ హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కతే నడుస్తుంది. మాటల్లేవు, పాట లేదు. ఉన్నవన్నీ అడుగులే.

“ఇది నేను నడుస్తాను,” అన్నాను మా ఆయనతో. “ఉన్నది ఉన్నట్టు. అతుకు కనిపించిందా, మీరు మీ అక్కగారితోనే కాపరం చేసుకోవాలి.”

“అమ్మో, అది మాత్రం వద్దు,” అన్నారు.

లైట్లు ఆర్పారు. తెర మీద ముసలావిడ గుమ్మంలో నిలబడింది. ఆవిడ కదలగానే నేనూ కదిలాను. చెక్క మీద ఎడమకాలు పడింది. కుడికాలు ఆలస్యంగా లేచి, కొద్దిగా నేలని రాసుకుంటూ వచ్చి పక్కన చేరింది. దాన్ని తొందరపెట్టలేదు. తిట్టలేదు. ఆవిడా అంతే, ఒక బల్ల దగ్గర ఆగింది, ఆగాను. మళ్ళీ నడిచింది. ఆ హాలు ఎంత పొడుగో! మధ్యలో నేనెవరినో, ఆవిడెవరో తెలియకుండా పోయింది. ఈడుస్తూ పడే ఆ ఒక్క అడుగే మా ఇద్దరినీ మోసుకెళ్ళి అవతలి గుమ్మం దాటించింది. ఇన్నేళ్ళలో అంత బాగా ఎప్పుడూ నడవలేదు. ఆ మాట నేనే అంటున్నాను, ఎవరూ అనక్కర్లేదు.

ఆగి, ఓకే అంటారేమోనని ఎదురుచూశాను. అనలేదు. ఇంకాసేపు చూశాను. స్పీకర్లో ఊపిరి కూడా వినబడలేదు. ఏమైంది ఈ మనిషికి అని మెల్లగా గాజుగది దగ్గరికి వెళ్ళి తొంగిచూశాను. మా ఆయన హెడ్‌ఫోన్లు రెండు చేతులతో చెవులకి అదుముకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. చెంపలు తడిగా ఉన్నాయి. ఎదురుగా రికార్డు లైటు వెలగడం లేదు.

“ఏమండీ! రికార్డు చెయ్యలేదా?”

ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు. లైటు వైపు చూశారు, నా వైపు చూశారు.

“నొక్కడం మర్చిపోయాను,” అన్నారు. “వింటూ ఉండిపోయాను. నేను ఇన్నాళ్ళూ కోసి పారేసింది దీన్నా?”

నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆయన తల ఊపుతూ అన్నీ విన్నారు. తర్వాత ఊడిన చెప్పు సరిచేసుకుని, గోడ పట్టుకుని, మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.